పొట్టి కమాను పట్టీ ముక్కలతో ఏ పనిముట్టు చేయవచ్చు?

విజయవాడలో ఇంటి వెనుక బొగ్గు కొలిమి పెట్టుకుని, ఆటోనగర్‌లో తూకానికి కొన్న తుక్కుతో పనిముట్లు చేస్తున్నాను. పొడవాటి లారీ కమాను పట్టీలు (చక్రాల మీద కుదుపును తగ్గించే ఉక్కు పట్టీలు) కొడవళ్లకు, కత్తిపీటలకు సరిపోతున్నాయి. ఇళ్ల కట్టడంలో వాడే టీఎంటీ కమ్మీల కొసలలో కార్బన్ తక్కువ, పదును నిలవదు కాబట్టి అవి కొక్కేలకూ గడియలకూ పోతున్నాయి. మిగులుతున్నవల్లా నాలుగైదు అంగుళాల పొడవు, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్న కమాను ముక్కలే. కిరోసిన్ పూసి తుడిచి, సుద్దపొడి చల్లి చూసి, సన్నని పగుళ్లు కనిపించినవాటిని ముందే తీసివేశాను.

ముక్కల ముఖాలను గ్రైండర్‌తో శుభ్రం చేసి, వెలిగారం చల్లి, పసుపు రంగు వేడిలో ఒకదానిపై ఒకటి అతికాను. అతుకు పైకి బాగానే కనిపించినా, ఉక్కు అయస్కాంతానికి అంటని వేడి దాటాక గట్టిపడేందుకు నూనెలో ముంచగానే అంచుల వద్ద పొరలు విడిపోయాయి. వేడి ఇంకా పెంచితే నిప్పురవ్వలు లేచి ఉక్కు మాడిపోయింది. ఈ ఉక్కులో సాధారణంగా ఉండే క్రోమియం అతుకుకు అడ్డుపడుతుందని తెలుసు కనుక ఆ దారి నాకు లాభసాటిగా తోచడం లేదు.

తరువాత ముక్కను నిలువునా కోసి, ఉలి చేసి, నూనెలో ముంచాక పెళుసుదనం తగ్గేందుకు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచాను. పదును చక్కగా నిలిచింది, కానీ కోతకు అరిగిన డిస్కుల ఖర్చు బజారులో ఉలి ధరను మించింది. (కొలిమిలో కాల్చి ఉలితో చీల్చడం ఒంటరిగా పనిచేసే నాకు కుదరలేదు.)

అతుకు వేయకుండా, నిలువునా కోయకుండా, ఇంత పొట్టి కమాను ముక్కను ఒక్కరే సుత్తితో సాగదీసి చేసుకోగల, రోజువారీ వాడకానికి నిలిచే పనిముట్టు ఏది?