64 ఇంపాలాకి ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్: 3.36 క్రౌన్ ఉంచాలా, 3.70కి మార్చాలా?

పాలకొల్లు మిల్లు:
అందరికీ నమస్కారమండి. నాన్నగారి 1964 ఇంపాలా ఇప్పటికీ మా రైసుమిల్లు షెడ్డులోనే ఉంటుంది. 283 క్యూబిక్ అంగుళాల వీ8, రెండు గేర్ల ఆటోమేటిక్ బాక్సు పవర్‌గ్లైడ్. ఇంజను బోరింగు చేయించి రెండేళ్లయింది, చక్కగా ఉంది. బాధంతా గేర్లతోనే. సిద్ధాంతం వంతెన ఎక్కేటప్పుడు ముందు ధాన్యం లారీ ఉందంటే లో గేరులో గోల పెడుతుంది, హైలోకి పడితే లాగదు. మధ్యలో ఇంకో గేరు లేదు కదా. వంతెన దిగి హైవే మీద వందకి వెళ్తే వెనక సీట్లో అమ్మ ఏం చెబుతోందో నాకు వినపడదు. ఆవిడకి ఈ కారులో అన్నవరం వెళ్లి రావాలని కోరిక. హాయిగా తీసుకెళ్లాలని నా తాపత్రయం.

మొన్న ఆదివారం ధాన్యం ఆరబోసే గచ్చు మీద కొలిచాను. వెనక టైరుకి సుద్దముక్కతో గీత పెట్టి ఒక్క చుట్టు తోస్తే 2 మీటర్ల 10 సెంటీమీటర్లు వచ్చింది. ఒక చక్రం జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, లేపినదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు మూడు చుట్ల మీద ఇంకో మూడో వంతు పైచిలుకు తిరిగింది. క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులోని గేర్ల జత) నిష్పత్తి 3.36 అనుకుంటున్నాను.

ఓవర్‌డ్రైవ్ అంటే పైగేరులో ఇంజను షాఫ్టు కంటే నెమ్మదిగా తిరుగుతుంది కదా, అలాంటి నాలుగు గేర్ల ఆటోమేటిక్ బాక్సు కోసం అమెరికాలో ఉన్న మా బావగారు 700ఆర్4 గానీ 200-4ఆర్ గానీ చూసి పంపుతానన్నారు. ఖర్చు చూస్తే ఒక్కసారే తెప్పించుకోగలను. ఏది చెప్పమంటారు? క్రౌన్ పినియన్ కూడా చెప్పాలా?

కాకినాడ పోర్టు:
700ఆర్4 చెప్పండి. సామాను ఎక్కువ దొరుకుతుంది, పని తెలిసినవాళ్లూ ఎక్కువ. 1987 తర్వాత తయారైనదే అడగండి, మొదట్లో వచ్చినవాటిలో ఇన్‌పుట్ షాఫ్టు సన్నం, మిగతా లోపాలు 1987 నాటికి సరిచేశారు. మొదటి గేరు 3.06, నాలుగోది 0.70. క్రౌన్ జోలికి వెళ్లనక్కర్లేదు.

రావులపాలెం మేస్త్రీ:
బాబూ, మీరు సుద్దముక్కతో కొలిచారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. చాలామంది బాక్సు కొనేశాక లెక్క వేస్తారు.

మీ టైరుకి 80 స్పీడులో చక్రం నిమిషానికి 635 చుట్లు. 3.36తో డైరెక్టులో (ఇంజను, షాఫ్టు ఒకే వేగంతో తిరిగే గేరులో) ఇంజను సుమారు 2130 తిరుగుతుంది. 0.70 ఓవర్‌డ్రైవ్ పడితే 1490. వందకి వెళ్తే 2670 కాస్తా 1870 అవుతుంది. అమ్మగారి మాట మీకు వినపడుతుంది, అందులో అనుమానం లేదు.

కానీ మీరు బండి నడిపేదెక్కడ? పాలకొల్లు నుంచి కాలువ గట్టు మీద నలభై, యాభై. ఎదురుగా ట్రాక్టరొస్తే ఇరవై. యాభైలో ఓవర్‌డ్రైవ్ పడితే ఇంజను 930 దగ్గర మూలుగుతుంది. గట్టు మీద లివరు మూడులోనే ఉంచుకోవాలి. ఏ బాక్సు పెట్టినా ఇది తప్పదు.

అసలు మీకు కలిసొచ్చేది పైగేరు కాదు, కిందిగేరు. పవర్‌గ్లైడ్ లో 1.82. దాన్ని 3.36తో గుణిస్తే 6.1. ఈ అంకె ఎంత పెద్దదైతే బండి అంత బలంగా లాగుతుంది. అందుకే వంతెన దగ్గర ఆ అవస్థ. 700ఆర్4 అయితే 10.3. 200-4ఆర్ మొదటి గేరు 2.74, నాలుగోది 0.67. దానికి 3.70 క్రౌన్ కలిపితే మొదట్లో 10.1. రెండూ ఇంచుమించు ఒకటే. తేడా మధ్యలో ఉంది. 700ఆర్4 మొదటి గేరు నుంచి రెండోదానికి 3.06 నుంచి 1.63కి దూకుతుంది, ఆ దూకుడు కారులో కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. 200-4ఆర్‌లో 2.74 నుంచి 1.57. మెత్తగా ఉంటుంది. 700ఆర్4కి మాత్రం 3.70 కలపొద్దు. మొదటి గేరు 11.3 అయిపోతుంది, కదిలీ కదలకముందే రెండోది అడుగుతుంది.

ఇంకో మాట. 58 నుంచి 64 దాకా ఇంపాలాకి ఎక్స్ ఆకారం ఛాసిస్, ప్రొపెల్లర్ షాఫ్టు రెండు ముక్కలు, మధ్యలో బేరింగు. 700ఆర్4 పొడుగు, ముందు ముక్క కోయించాలి. 200-4ఆర్ పొడుగు పవర్‌గ్లైడ్‌కి దగ్గర. మౌంటు మాత్రం వెనక్కి జరుగుతుంది, దానికి పట్టీ చేయించాలి. మీ వెనక ఇరుసులో క్రౌన్ ముద్ద ముందు నుంచి మొత్తంగా ఊడొస్తుంది, కాబట్టి మార్చడం ఒక పూట పని. నా ఓటు 200-4ఆర్, 3.70. ఎనభైలో 1570, వందలో 1970. వంతెన మీద కొంచెం తొక్కితే మూడోదానికి దిగి సాఫీగా ఎక్కుతుంది.

పాలకొల్లు మిల్లు:
మేస్త్రీ గారూ, చాలా సంతోషమండి. నిన్న చించినాడ వంతెన మీదుగా రాజోలు వెళ్లొచ్చాను, మీ లెక్క మనసులో పెట్టుకుని దారంతా స్పీడు చూశాను. అరవై దాటింది వంతెన మీద మాత్రమే. 200-4ఆర్, 3.70 ముద్ద రెండూ బావగారికి చెప్పేశాను. కార్బురేటరు నుంచి బాక్సుకి ఏదో కేబులు ఉంటుందట, పవర్‌గ్లైడ్ రాడ్డు దానికి పనికిరాదా?

రావులపాలెం మేస్త్రీ:
పనికిరాదు. ప్రాణం అంతా ఆ టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్‌లోనే ఉంది. గేరు ఎప్పుడు మారాలో చెప్పడమే కాదు, లోపల ఆయిలు ప్రెషరు దాన్ని బట్టే పెరుగుతుంది. వదులుగా ఉంటే మీరు యాక్సిలరేటరు తొక్కినప్పుడు ప్రెషరు చాలక క్లచ్ ప్లేట్లు జారతాయి. మా షెడ్డులోనే ఒక బండికి 700ఆర్4 ఎక్కించి, కేబులు చూపు అంచనాతో బిగించాం. తణుకు దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి మూడో గేరు జారుతోంది. పాన్ విప్పితే ఆయిలు కషాయంలా నల్లగా, మాడిన వాసన, అడుగున వేలితో తీస్తే పట్టుకునే నల్ల పొడి. ఆ తప్పు నాదే. మళ్లీ కొత్త ప్లేట్లు వేసి ఇచ్చాను.

కార్బురేటరు మీద కేబులు తగిలించే పిన్ను ఎంత దూరంలో ఉందో, ఎంత లాగుతోందో లెక్క ఉంటుంది. మీ రెండు బ్యారెళ్ల రోచెస్టర్‌కి సరిపడే పట్టీ బాక్సుతోపాటే తెప్పించండి, ఇక్కడ చేయించొద్దు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు కేబులు చివరిదాకా లాగాలి. ఒకరు లోపల కూర్చుని తొక్కి పట్టుకుంటే, మీరు బానెట్ దగ్గర చూసి సరిచేయండి. ఆయిల్ కూలరు కూడా విడిగా పెట్టించండి, మన ఉక్కకి రేడియేటరులోది ఒక్కటే చాలదు. లాకప్ కన్వర్టరు (ఇంజనుని బాక్సుతో జారకుండా కలిపి పట్టేది) తీగ మర్చిపోవద్దు. లాకప్ పడకపోతే ఓవర్‌డ్రైవ్‌లో కన్వర్టరు జారుతూ ఆయిలు కాగుతుంది.

బాక్సు దిగాక ఫోటో పెట్టండి. షాఫ్టు కోయాల్సి వస్తే ముందు కొలతలు ఇక్కడ రాయండి, కోసినాక కాదు.