బీపీ మిషన్ వాపస్ ఇయ్యాలెనా?

నర్సంపేట కోడలు: నాకు ఏడో నెల. మొన్న 9న సర్కారు దవాఖానకు చెకప్‌కు పోయిన. లైన్ల నిలబడి నిలబడి, ఆయాసంతోని కూసున్నానో లేదో చూసిన్రు: 142/90. అర్ధగంట ఆగి చూస్తె 126/80. డాక్టరమ్మ ఇంట్ల కూడా చూసుకొమ్మన్నది, మా ఆయన మిషన్ తెచ్చిండు. అత్తమ్మనేమో ‘కడుపుతోని ఉన్నదానికి లేనిపోని రంది ఎందుకు, వాపస్ ఇచ్చి రా’ అంటున్నది. మీరేమంటరు?

పరకాల పెద్దక్క: అత్తమ్మదే కరెక్టు. బ్రిటన్ల బీపీ పెరిగే ముప్పు ఎక్కువున్న 2,400 మందికి పైగా గర్భిణుల మీద చేసిన స్టడీ 2022ల వచ్చింది. ఇంట్ల చూసుకున్నోళ్లకు బీపీ ముందుగాల బయటపడ్డదేం లేదు.

గూడెం ఆశమ్మ: అక్కా, ఆళ్లకు మామూలు చెకప్‌లు ఎప్పటిలెక్కనే నడిచినయ్, మిషన్ దాని మీద అదనం. మా ఏటూరునాగారం దిక్కు చెకప్‌కు చెకప్‌కు నడుమ నెల పోతది. వానకాలమైతె వాగు పొంగిందంటే అదీ లేదు. ఇరవై వారాలు దాటినంక బీపీ ఎప్పుడు పెరుగుతదో ఎవరికెరుక? ఆ నడుమ దినాలు ఎవరు చూస్తరు?

పరకాల పెద్దక్క: నా బాధ వేరే. మా చెల్లె ఎనిమిదో నెలల తల నొస్తున్నదంటే మిషన్ పెట్టినం. 128/82. ‘మంచిగనే ఉన్నది, పండుకో’ అన్నది నేనే. తెల్లారేసరికి కండ్లు మసకలు, పక్కటెముకల కింద నొప్పి. దవాఖానల 160 దాటింది, మూత్రంల ప్రోటీన్ పడ్డది. అదే దినం ఆపరేషన్. తల్లీబిడ్డ దక్కిన్రు గాని, ఆ ‘పండుకో’ అన్న మాట ఇప్పటికీ గుచ్చుతది.

గూడెం ఆశమ్మ: మణికట్టుకు కట్టే మిషనేనా?

పరకాల పెద్దక్క: అవు.

గూడెం ఆశమ్మ: అది నమ్మరాదక్కా. దండచెయ్యికి కట్టేదే కావాలె, అదీ గర్భిణుల మీద పరీక్షించింది. పట్టీ చేతికి సరిపోవాలె, ఇరుకైతె ఎక్కువ చూపిస్తది. ఇంట్ల 135/85 దాటుతుంటే డాక్టరమ్మకు చెప్పాలె. 160/110 అయితె అప్పటికప్పుడు బండెక్కుడే.

పరకాల పెద్దక్క: ఎసొంటి మిషనైనా మూత్రం చూడదు గద.

గూడెం ఆశమ్మ: చూడదు. ఒప్పుకుంటున్న.

నర్సంపేట కోడలు: నిన్న మంచం అంచుకు కాళ్లు ఏలాడేసుకొని, అమ్మతోని ఫోన్ల ముచ్చట పెట్టుకుంట చూసుకున్న: 138/88. ఫోన్ అవతల పెట్టి, కుర్చీల ఆనుకొని, పాదాలు నేలకు ఆనిచ్చి, చెయ్యి గుండె ఎత్తుల బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు కూసున్న: 122/78. ఏది అసలుదో నాకైతె సమజైంది. వాపస్ ఇస్తలేను. పాల లెక్క రాసే క్యాలెండర్ల పొద్దుమాపు రాస్తున్న. తల నొస్తె, కండ్లు మసకలొస్తె మిషన్ ఏం చెప్పినా దవాఖానకే అని పైన ఎర్ర పెన్నుతోని రాసిన. ఈ ముక్కకు అత్తమ్మ కూడా సై అన్నది.

పరకాల పెద్దక్క: అట్లయితె సరే చెల్లె. వచ్చే చెకప్‌కు మిషన్ కూడా సంచిల ఏసుకపో. వాళ్లదానితోని, నీదానితోని ఒక్కసారి పక్కపక్కన చూడుమను.