భీమిలి పక్కన లేని ఊరు: డిటెక్టివ్ సీరీస్‌కి ముందుగా ఏం తేల్చుకోవాలి?

కొత్తకలం:
భీమిలి దాటాక తీరం మీద ఒక ఊరు కల్పించి నాలుగైదు డిటెక్టివ్ నవలలు రాయాలని ఉంది. జనాభా తొమ్మిది వేలు, చిన్న జెట్టీ, వారపు సంత, ఒక పోలీస్ స్టేషను. మొదటి నవలకి ఇది సరిపోతుంది. మూడో నవలకొచ్చేసరికి ఊరే కథకి అడ్డం పడకుండా ఉండాలంటే ఏం చేయాలి?

గోస్తనీగట్టు:
పేరు సంగతి తర్వాత. ముందు ఊరు ఎవరి హద్దులో ఉందో తేల్చండి. భీమిలి మండలంలో పెడితే విశాఖ సిటీ కమిషనరేట్: సీఐ మీద ఏసీపీ, ఆ పైన డీసీపీ. ఇంకొంచెం ఉత్తరానికి జరిపి భోగాపురం వైపు పెట్టారా, అది విజయనగరం జిల్లా. డీఎస్పీ, ఎస్పీ వస్తారు. మొదటి నవలలో ఏసీపీ అని రాసి రెండోదాంట్లో డీఎస్పీ అంటే పాఠకుడు వెంటనే పట్టేస్తాడు. శవాన్ని సరిగ్గా హద్దు మీద పడేస్తే రెండు స్టేషన్ల మధ్య గొడవ ఉచితంగా దొరుకుతుంది.

శవ పంచనామా ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 194 కింద, ఊళ్లోవాళ్లు కనీసం ఇద్దరి సమక్షంలో జరుగుతుంది. పాత సీఆర్‌పీసీ 174 అని రాయాలంటే కథాకాలం 2024 జులై 1కి ముందుండాలి. ఆ ఇద్దరూ ఎవరో మీరే ఎంచుకోండి. గాయాలెక్కడున్నాయో సాయంత్రానికి సంతంతా తెలిసేది వాళ్ల వల్లే. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడమనిషి అనుమానాస్పదంగా చనిపోతే పంచనామాకి తహసీల్దారు రావాలి. విసెరా రిపోర్టుకి (శవం లోపలి అవయవాల్ని ల్యాబులో పరీక్షించి ఇచ్చేది) వారాలు పడుతుంది, మర్నాడే విషం పేరు చెప్పించకండి.

పాతరేవు:
సముద్రం విషయంలోనే ఎక్కువమంది రచయితలు దొరికిపోతారు. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా సాధారణంగా మీటరున్నర దాటదు. పాటు వేళ కిలోమీటరు ఇసుక బయటపడి, అందులో గుహ కనపడటం ఇక్కడ కుదరదు. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ఒక్కో రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అలిబీ (నేరం వేళ వేరేచోట ఉన్నాననే రుజువు) దీనిమీద కట్టేట్టయితే క్యాలెండరు ముందు పెట్టుకుని రాయండి.

సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అందులో కుంగడు. పౌర్ణమి చంద్రుడైతే సాయంత్రం నీళ్లమీద లేస్తాడు, కాబట్టి ఆ రాత్రి రేవులో దొంగచాటు పని కష్టం. నైరుతి కాలంలో ఒడ్డువార నీటి లాగుడు సాధారణంగా ఉత్తరానికి, నవంబరు తర్వాత దక్షిణానికి. డిసెంబరులో పడ్డ శవాన్ని ఉత్తరాన తేల్చితే కారణం చూపించాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజను పడవలు కదలకూడదు. ఆ రోజుల్లో అర్ధరాత్రి ఇంజను చప్పుడు వినపడిందంటే అదే ఆధారం.

కొత్తకలం:
హద్దు మీదే పెడతాను. మరి హత్యల లెక్క? మూడో నవలకి ఊరు ఖాళీ అయిపోయేలా ఉంది.

చీకటిదీపం:
ప్రతిదాంట్లో హత్య ఉండాలని ఎవరన్నారు? ఇక్కడ భూమే పెద్ద కారణం. 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములది) ఇరుక్కున్న స్థలం, రెండు డాక్యుమెంట్లున్న ఒకే సర్వే నంబరు, కనపడకుండా పోయిన వీలునామా. జాతర, సంక్రాంతి పెట్టుకుంటే బయటివాళ్లు వస్తారు, అనుమానితులు పెరుగుతారు.

ఒక చార్టు మీద ఊరు గీసి, దూరాలు మీటర్లలో కాక నడక నిమిషాల్లో రాయండి: జెట్టీ నుంచి సంతకి ఏడు, స్టేషనుకి పన్నెండు. ప్రతి మనిషికీ పుట్టిన ఏడు, ఇల్లు, ఎవరితో చుట్టరికం అని ఒక నోటుబుక్కు. మొదటి నవలలో నలభై దాటిన టీకొట్టు అప్పారావు నాలుగోదాంట్లో ముప్పయ్యేళ్లవాడు అయ్యేది ఇది లేకే.

పేరు చివర ‘వలస’, ‘వానిపాలెం’ అయితే మన వైపుదిలా ఉంటుంది. పెట్టేముందు మ్యాపులో వెతకండి, చాలావరకు నిజంగానే ఉంటాయి. యాస పాత్రల సంభాషణల్లో మాత్రమే వాడండి. ‘ఏటి’, ‘ఎల్లిపోనాడు’ అని మత్స్యకారుడి నోట బాగుంటాయి. గుంటూరు నుంచి బదిలీ అయిన ఎస్సై అలా మాట్లాడకూడదు, ఆయనకి ఒక్కోమాట అర్థం కాకపోవడం కూడా కథకి పనికొస్తుంది.