‘గమ్మునుండు’ అన్న మాటకు ఎదురుమాట ఏది?

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో మా ఇంటి మేడగదిలో కూర్చుని, బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్న సహోద్యోగులతో కలిసి పనిచేసే ఉద్యోగం నాది. అందరమూ తెలుగువాళ్లమే కాబట్టి, బృందంలో జంకు లేకుండా మాట్లాడగలుగుతున్నామా లేదా అని తెలుసుకునే ప్రశ్నావళిని తెలుగులోకి తెమ్మని నాకు అప్పగించారు. ‘సైకలాజికల్ సేఫ్టీ’ అన్న మొదటి మాట దగ్గరే నా కలం ఆగిపోయింది. ‘మానసిక భద్రత’ అని రాసి ఇద్దరికి చూపిస్తే, ఒకరు అది మానసిక వైద్యానికి సంబంధించిందనుకున్నారు, మరొకరు ఉద్యోగ భద్రత అనుకున్నారు.

అసలు భావన ఈ రెండూ కాదు. 1965లోనే సంస్థల నిర్వహణపై పరిశోధించిన ఎడ్గర్ షైన్, వారెన్ బెన్నిస్ ఈ మాటను వాడారు. అయితే ఇప్పుడు చలామణిలో ఉన్న అర్థం హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించిన పత్రం నుంచి వచ్చింది. ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను ఆమె పరిశీలించారు. తెలియదని చెప్పినా, తప్పు ఒప్పుకున్నా, పెద్దవాళ్ల మాటను కాదన్నా ఇక్కడ తమను చిన్నచూపు చూడరని బృందంలో అందరికీ ఉమ్మడిగా ఉండే నమ్మకమే దీని సారం. అంతకుముందు ఆసుపత్రుల్లో చేసిన పరిశోధనలో, బాగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదు కావడం ఆమెను ఆశ్చర్యపరిచింది; వాళ్లు ఎక్కువ తప్పులు చేసినందువల్ల కాదు, చేసినదాన్ని దాచకుండా చెప్పుకున్నందువల్ల అలా కనబడిందని తర్వాత అర్థమైంది.

ఇది చదివినప్పుడు నాకు మా వైపు మాట ‘గమ్మునుండు’ గుర్తుకొచ్చింది. కోస్తా జిల్లాల్లో ‘గమ్మున రా’ అంటే త్వరగా రమ్మని. చిత్తూరు, తిరుపతి వైపు ‘గమ్మునుండు’ అంటే నోరు మెదపకుండా ఉండమని. పొరుగున తమిళంలోనూ ఇదే అర్థంతో ఇలాంటి మాటే ఉంది. మాట్లాడడానికి ఏమీ లేక ఊరకుండడాన్ని ఈ మాట చెప్పదు. చెప్పవలసింది నాలుక చివర ఉన్నా మింగేయడాన్ని చెబుతుంది.

2021లో ఒక సాయంత్రం వీడియో సమావేశంలో నేను సరిగ్గా అదే చేశాను. తెరమీద ఉన్న పట్టికలో ఒక అంకె తప్పని నాకు కనిపించింది. అప్పటి మా పెద్ద ‘ఏమైనా సందేహాలున్నాయా?’ అని అడిగారు. పదకొండు నల్లటి గళ్లలో పదకొండు పేర్లున్నాయి, అందరి మైకులూ ఆపి ఉన్నాయి. చాట్‌లో ‘ఒక చిన్న విషయం’ అని టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపేశాను. ఎదురుగా మనిషి ఉంటే ముఖం చూసి కాస్త ధైర్యం చేసేవాణ్ణేమో. నల్లటి గడి నవ్వుతోందో విసుక్కుంటోందో తెలియదు కదా. ఆ అంకెవల్ల రెండు రోజుల పని మళ్లీ చేయవలసి వచ్చింది.

ఆ రోజు నన్ను ఆపింది ఉద్యోగం పోతుందన్న భయం కాదు, అలుసైపోతానన్న భయం. అందుకే ‘మానసిక భద్రత’కు బదులు ‘అభయం’ అనడం నాకు నచ్చలేదు. తిరుచానూరు అమ్మవారి అభయ ముద్రను చూస్తూ పెరిగిన మాకు, అభయం పైనుంచి కిందికి దిగివచ్చేది. మనం వెతుకుతున్నదేమో ఒకరికొకరు ఇచ్చుకునేది. ‘నిర్భయత’ ఒక మనిషి గుణం, బృందం గుణం కాదు. ‘భరోసా’ కొంత దగ్గర. పెద్దలు ఏమంటారు?

చిత్తూరు నుంచి ఒక సభ్యురాలి జవాబు:

అయ్యా, ‘చనువు’ అనకూడదా? మా అవ్వ ఏడ్చే పిల్లవాణ్ణి ఎత్తుకుని ‘గమ్మునుండు నాయనా, నేనుండాను కదా’ అనేది. మీరు చెప్పిన గదమాయింపు మాటే అక్కడ ఓదార్పు. కాబట్టి మాటలో కాదు, అన్నవాళ్ల దగ్గర మనకున్న చనువులోనే తేడా ఉందని నాకు తోస్తుంది.

నా సమాధానం:

అమ్మా, ఓదార్పు సంగతి నాకు తట్టలేదు, కృతజ్ఞుణ్ణి. ‘చనువు’ మీద నాకున్న ఒకే ఒక అభ్యంతరం దాని క్రియలు. చనువు ‘ఇస్తారు’, చనువు ‘తీసుకుంటారు’. ఇచ్చేది పెద్దవాళ్లు, తీసుకునేది చిన్నవాళ్లు. చనువిస్తే నెత్తికెక్కాడన్న నింద కూడా వెనకే వస్తుంది. అయినా ఆలోచిస్తే ఆ క్రియ ఒక నిజం చెబుతోంది: మొదటి అడుగు పెద్దవాళ్లే వేయాలి. మా బృందానికి ఇప్పుడున్న పెద్ద ‘సందేహాలున్నాయా?’ అని అడగరు. బడిలో నేర్చిన ఆ ప్రశ్నకు ‘లేవండీ’ అన్న ఒక్క జవాబే మనకు వచ్చు. ముందు ఆ వారంలో తాను చేసిన పొరపాటొకటి చెప్పి, తర్వాత ‘ఇందులో ఎక్కడ తేడా కొడుతోంది?’ అని అడుగుతారు. కార్యాలయంలో కూర్చున్నవాళ్లకంటే ముందు ఇళ్లనుంచి మాట్లాడేవాళ్లను పిలుస్తారు. లేకపోతే గదిలో ఉన్నవాళ్లు తమలో తాము తేల్చేసుకుంటారు, మేము గమ్మునుండిపోతాం. కాబట్టి ప్రశ్నావళి శీర్షికలో ‘చనువు’ అనే రాస్తున్నాను.

ఎడ్మండ్‌సన్ ప్రశ్నావళిలో ఏడు వాక్యాలున్నాయి. తప్పు చేస్తే దాన్ని మనసులో పెట్టుకుంటారన్న భావమున్న మొదటి వాక్యానికి నాకు ‘దెప్పు’ దొరికింది: ‘మన బృందంలో ఎవరైనా తప్పు చేస్తే, తర్వాత దాన్ని పట్టుకుని దెప్పుతారు.’ చదివినవాళ్లలో ఒక్కరూ అర్థం అడగలేదు. సాయం అడగడం కష్టమన్న వాక్యం మాత్రం ఇంకా తెగలేదు. ‘సాయం అడగడానికి మొహమాటం’ అంటే ఎదుటివాళ్లను ఇబ్బంది పెడుతున్నామన్న సంకోచం వినిపిస్తుంది. ‘నామోషీ’ అంటే మన గౌరవానికి భంగమన్న బాధ వినిపిస్తుంది. ఒక వాక్యంలో ఈ రెండింటినీ కలిపితే చదివేవాళ్లు దేనికి జవాబు ఇస్తున్నారో తెలియదు, విడదీస్తే ఏడు ఎనిమిదవుతాయి. మీరైతే ఏది ఉంచుతారు?