6×4 అడుగుల వాష్ ఏరియా, పడమటి ఎండ, బోరు నీళ్లు: అరలు, రంగులు ఎట్లా ప్లాన్ చేసుకోవాలి?

కొర్లగుంట_ఇల్లు:
అందరికీ నమస్తే. తిరుపతిలో మొదటి అంతస్తు. వంటింటి వెనకాల వాష్ ఏరియా 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఒక చివర వంటింటి తలుపు, అది వంటింట్లోకే తెరుచుకుంటుంది. రెండో చివర పడమర వైపు 3 అడుగుల పిట్టగోడ, దానిమీద గ్రిల్లు. 7 కిలోల ఫ్రంట్ లోడ్ మిషను ఉంది: వెడల్పు 60, ఎత్తు 85, లోతు 55 సెంటీమీటర్లు. బోరు నీళ్లు, బక్కెట్లకు తెల్లగా ఉప్పు పడుతుంది. మాసిన బట్టల బుట్టలు, సబ్బుపొడి, లిక్విడ్లు పెట్టుకోను అరలు కావాల. దండెం కూడా ఇక్కడే. అమ్మ మడిబట్టలు విడిగా ఆరేయాల. వడ్రంగి ముదురు నీలం గ్లాసీ అంటున్నాడు. ప్లైవుడ్డా, పీవీసీ బోర్డా చెప్పమంటున్నాడు. టైల్స్ ఇంకా పడలేదు.

కొలత_టేపు:
ముందు మిషను చోటు తేల్చండి, అరలు ఆ తర్వాత. పొడవు గోడకు ఆనించి పెడితే వెనక పైపులకు 10 సెంటీమీటర్లు కలిపి 65 పోతుంది. 122లో మిగిలేది 57. డోరు తెరిస్తే మనిషి నిలబడే చోటుండదు. మిషను వీపు పిట్టగోడకు, ముఖం వంటింటి వైపు పెట్టండి. ముందర 118 సెంటీమీటర్లు ఖాళీ వస్తుంది.

4 అడుగుల వెడల్పులో మిషనుకు 65 వదలండి, రెండు పక్కలా కదలడానికి చోటుండాలి. పక్కన నిలువు గ్రానైట్ పలక పోగా 55 సెంటీమీటర్ల గూడు వస్తుంది. సింకు, కుళాయి అక్కడ. మిషను నీళ్ల కుళాయి కూడా ఈ గూట్లోనే పెట్టించండి. మిషను వెనకాల పెడితే కట్టేయాలన్న ప్రతిసారీ మిషను లాగాలి.

పైన ఒకే గ్రానైట్ బండ. గోడకూ బండకూ మధ్య అతుకు పెడితే వాన నీళ్లు అందులోంచి మిషను మీదికే దిగుతాయి. బండను పిట్టగోడ మీదికి ఎక్కించి గ్రిల్లు దాకా జరపండి, సందులో సిలికాన్ పట్టించండి. సింకు వైపు పావు అంగుళం వాలు. గోడ 91 సెంటీమీటర్లు కాబట్టి మిషను పైన 6 సెంటీమీటర్ల సందు ఉంటుంది, అది మంచిదే. బట్టలు మడత పెట్టుకునే బల్లా అదే అవుతుంది.

వడ్రంగి_తిరుచానూరు:
ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసేవి) ఇక్కడ వద్దే వద్దు. ఒక్కసారి తడిస్తే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ సర్దుకోదు. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 ముద్ర, అంటే నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లై, చూసి తీసుకోండి. అయితే మంచి ప్లై కూడా అంచుల్లోంచే చెడుతుంది. నాలుగు అంచులకూ బ్యాండింగ్ (అంచు పట్టీ) వేయించి, స్క్రూ బెజ్జాల్లో కూడా సీలెంట్ పెట్టించండి. అడుగు భాగం నేలకు 6 అంగుళాలు పైన ఉండాలి.

పీవీసీ బోర్డుకు నీళ్ల భయం లేదు, స్క్రూ పట్టు మాత్రం తక్కువ. తలుపులు పెడితే కొన్నాళ్లకు కీళ్లు వదులవుతాయి. అందుకే తలుపుల్లేని అరలకు మాత్రమే వాడండి. 18 మిల్లీమీటర్ల బోర్డైనా ఆధారం లేకుండా 2 అడుగులు దాటకూడదు, నడుం వంగుతుంది.

పొడవు గోడ మీద 118 సెంటీమీటర్లు మీ చేతిలో ఉంది. అరల లోతు 12 అంగుళాలు మించొద్దు, నడవాలి కదా. కింద మూడు బుట్టలు పక్కపక్కన: తెల్లవి, రంగువి, మందం బట్టలు. బుట్టలకు చిల్లులుండాలి, తడి తువ్వాళ్లు మూసిన డబ్బాలో పడితే రెండో రోజుకే వాసన. నడుం ఎత్తులో లిక్విడ్ క్యాన్లు. సబ్బుపొడి గాలి చొరని డబ్బాలో పోయాలి, లేకుంటే నవంబరు వానల్లో గడ్డకడుతుంది. బ్లీచింగ్, టాయిలెట్ యాసిడ్ ఒకే అరలో పెట్టొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండూ పిల్లలకందని ఎత్తులో, వేర్వేరు చోట్ల ఉండాలి.

రంగుల_గోడ:
ముదురు నీలం గ్లాసీ వద్దని గట్టిగా చెబుతా. మొదటిది ఉప్పు: బోరు నీటి చుక్క ఆరితే తెల్లటి మచ్చ మిగులుతుంది, ముదురు నిగనిగ మీద ప్రతి చుక్కా కనబడుతుంది. రెండోది వేడి: ముదురు రంగు పడమటి ఎండను పీల్చుకుంటుంది, ఆ వేడికి పీవీసీ మెత్తబడి వంకర పోతుంది. బోర్డు ఎంపిక, రంగు ఎంపిక రెండూ ఒకటే లెక్క ఇక్కడ.

అరలకు ఇసుక రంగో, లేత బూడిదో, మ్యాట్. గోడ టైల్స్ సింకు దగ్గర 7 అడుగులు, మిగతా చోట 4 అడుగులు, కొంచెం పసుపు కలిసిన తెలుపు. నేలకు మాత్రం తెలుపు వద్దు, ఎర్రమట్టి దుమ్ము ఊడ్చిన గంటకే కనబడుతుంది. జారని మ్యాట్‌లో నడిమి బూడిద వేయండి. టైల్స్ సందుల్లో నింపను ఎపాక్సీ గ్రౌట్. మామూలు గ్రౌట్ పసుపునీ నీలిమందునీ పీల్చుకుంటుంది.

కొర్లగుంట_ఇల్లు:
అంతా బూడిద, ఇసుక అయితే చప్పగా ఉండదా అన్నా? ఒక గోడకైనా ఆకుపచ్చ వేద్దామని ఇంట్లో అడుగుతున్నారు.

రంగుల_గోడ:
వేయండి, వంటింటి తలుపున్న గోడకు. బండ చుట్టూ మాత్రం వద్దు. అక్కడ మరకలు చూస్తారు; పచ్చగోడ మీద పడి వచ్చే వెలుతురులో తెల్ల పంచె మీది పసుపు మరక ఆనదు. బల్బు కూడా తెల్లటి వెలుతురిచ్చే 4000 కెల్విన్‌ది వేయండి, పసుపు వెలుతురు వద్దు. గాఢమైన రంగులు బుట్టలకు పెట్టండి: తెల్లబట్టలకు తెల్ల బుట్ట, రంగు బట్టలకు నీలం, మందం వాటికి పచ్చ. ఎవరూ అడక్కుండానే సరైన దాంట్లో వేస్తారు. ఎరుపు ప్లాస్టిక్ గ్రిల్లు పక్కన పెడితే వెలిసిపోతుంది.

పైపు_వైరు_చిత్తూరు:
టైల్స్ పడకముందే చేయాల్సినవి. 16 ఆంపియర్ల సాకెట్టు పక్క గోడకు, నేలకు 4 అడుగుల పైన, సింకుకు దూరంగా, మూత ఉన్నది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడి ఎంసీబీ, ఎర్తింగు, కరెంటు లీకైతే కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వేడినీళ్ల వాష్‌లో మిషను దాదాపు 2 కిలోవాట్లు లాగుతుంది, ఎక్స్‌టెన్షన్ బోర్డు తట్టుకోదు.

మురుగు పైపు మూతి నేలకు 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కింద పడేస్తే నీళ్లు నిండుతూనే పారిపోతుంటాయి, మిషను ఎర్రర్ చూపిస్తుంది. నేలకు వాలు ఉంటుంది కాబట్టి మిషను కాళ్లు తిప్పి రసమట్టం పెట్టి సరిచూడండి. ట్యాంకు కనీసం 3 మీటర్లు పైన లేకుంటే చాలా మిషన్లకు నీటి ఒత్తిడి చాలదు. ఇన్‌లెట్ జాలీలో ఉప్పు పేరుకుంటుంది, నెలకోసారి తీసి కడగాలి.

దండేనికి తాడుతో దించి ఎత్తే సీలింగు పులీ హ్యాంగరు, తుప్పు పట్టని 304 స్టీలు పైపులు, పైపుకూ పైపుకూ 6 అంగుళాలు. 7 కిలోల బట్టలు పిండాక కూడా 10 కిలోలు దాటతాయి, యాంకర్ బోల్టులు కాంక్రీటు శ్లాబులోకే దిగాలి. మడిబట్టలకు గ్రిల్లు వైపు విడి పైపు, విడి తాడు పెట్టించండి. మిగతావి దించినా అది కదలదు, గాలీ ముందు దానికే తగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో లోపలే ఆరాలి, గోడ ఫ్యానుకు ఒక పాయింటు ఇప్పుడే లాగించండి.