అప్‌డేట్: ట్యూన్ కాపీ అంటూ వచ్చిన క్లెయిమ్ తీసేశారు

నా సొంత పాట ఒక హిట్ పాటలా ఉందని మ్యూజిక్ కంపెనీ కాపీరైట్ క్లెయిమ్ (అది మాదే అన్న ఫిర్యాదు) వేసిందని ఇక్కడ అడిగాను కదా. అది పోయింది. ‘ముందు ఏ సెకను దగ్గర మ్యాచ్ అయిందో చూడు’ అన్న సలహాయే పనిచేసింది, థ్యాంక్స్. చూస్తే గొడవ ట్యూన్‌ది కానే కాదు, మొదట్లో వచ్చే డోలక్ లూప్‌ది (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న రికార్డింగ్ ముక్క)! అది డబ్బు పెట్టి కొన్న లూప్ ప్యాక్‌లోది, ఆ హిట్ పాట వాళ్లూ అదే వాడారు. లాయర్ చెప్పినట్టు ప్యాక్ బిల్లు, లైసెన్స్ కాగితం జతచేసి అభ్యంతరం పెట్టాను.

కార్డ్స్ (chords, అంటే కలిపి వాయించే స్వరాల గుంపులు) కలిశాయన్న టెన్షన్ అనవసరం. బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ పాట ‘థింకింగ్ అవుట్ లౌడ్’పై 2023లో న్యూయార్క్ జ్యూరీ కాపీ కాదని తేల్చింది. అదే పాటపై మరో కేసులో, అందరూ వాడే కార్డ్స్, రిథమ్ కలయిక ఒక్కరి సొత్తు కాదని 2024లో అప్పీల్ కోర్టు చెప్పింది. ఇక ‘వేరేవాళ్ల పాట కొన్ని సెకన్ల లోపు వాడితే ఫర్వాలేదు’ అన్నదానికి లాయర్ నవ్వేశారు, అలాంటి రూలే లేదట.