రామేశ్వరంల కైట్ సర్ఫింగ్ నేర్చుకోవాలంటే జనవరి గాలి మంచిదా, జూలై గాలి మంచిదా?

ఓరుగల్లు_పోరడు:
అందరికి నమస్తే. మాది హన్మకొండ. సంక్రాంతి సెలవులల్ల అమ్మానాన్నలను రామేశ్వరం తీస్కపోదామనుకుంటున్న, వాళ్ళు 22 తీర్థాల స్నానాలు, దర్శనం చేసుకుంటరు, నాకేమో అక్కడ కైట్ సర్ఫింగ్ (నడుముకు తగిలించుకున్న పెద్ద పతంగి గాలికి గుంజుతుంటె పలక మీద నిలబడి నీళ్ళ మీద ఉరుకుడు) నేర్చుకోవాల్నని మస్తు రోజుల నుంచి ఉన్నది. ఈత వస్తది కానీ బాయిలల్ల, స్విమ్మింగ్ పూల్‌ల నేర్చిందే, సముద్రంల ఎన్నడు ఈదలే. బరువు 84 కిలోలు. జనవరిల గాలి సరిపోతదా, లేకుంటె జూన్ జూలైల పోవాల్నా, కానీ అప్పుడు వానకాలం కదా. నీళ్ళు ఎంత లోతుంటయ్, అలలు పెద్దగుంటయా? ఇంకోటి, పోయే ముందుగాల కరీంనగర్ మానేరు డ్యాంల ప్రాక్టీస్ చేయొచ్చా, సాయంత్రం పూట అక్కడ గాలి మంచిగనే కొడ్తది. తెల్సినోళ్ళు జర వివరంగ చెప్పుండ్రి.

గాలివాటం:
తమ్మీ, రామేశ్వరం ఉన్నది పాంబన్ దీవి మీద. దానికి ఉత్తరం దిక్కు పాక్ బే, దక్షిణం దిక్కు గల్ఫ్ ఆఫ్ మన్నార్. ఏడాదిల గాలి రెండు సార్లు దిక్కు మారుస్తది, మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి, డిసెంబర్ సగం నుంచి మార్చి దాకా ఈశాన్యం గాలి. నైరుతి గాలే జోరు ఎక్కువ, ఎందుకంటే ఇటు పడమటి కనుమలు అటు శ్రీలంక కొండలు, ఆ సందుల నుంచి దూరి వచ్చేసరికి గాలి ఊపందుకుంటది, 18 నుంచి 25 నాట్స్ దాకా రోజుల తరబడి కొడ్తనే ఉంటది. 20 నాట్స్ అంటే గంటకు 37 కిలోమీటర్లు. వానల గురించి పరేషాన్ కాకు, మన దగ్గర జూన్‌ల మొదలైతయ్ కాబట్టి అక్కడ గూడ గంతే అనుకుంటరు మనోళ్ళు, కానీ వాళ్ళకు వానలన్ని ఎక్కువ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకనే. ఆ నెలలల్ల మాత్రం నేర్చుకునేటందుకు పోవద్దు, గాలికి నిలకడ ఉండది, తుఫాన్లొస్తయ్. ధనుష్కోడి ఊరు ఊరంత కొట్టుకపోయింది 1964 డిసెంబర్ తుఫాన్‌లనే.

ఇగ నీళ్ళ సంగతి. నైరుతి గాలి ఉన్నప్పుడు దక్షిణం ఒడ్డుకు అలలు కొడ్తయ్, ఉత్తరం ఒడ్డున నీళ్ళు సాపుగుంటయ్. ఈశాన్యం గాలికి ఉల్టా. నేర్చుకునేటోళ్ళకు ఆ సాపు నీళ్ళే కావాలె, ఒడ్డు పొంటి నడుము లోతు జాగలు కూడ దొరుకుతయ్. కానీ అసలు ప్రమాదం గూడ ఆ దిక్కే ఉన్నది, అది ఎవ్వరు చెప్పరు. అక్కడ గాలి భూమి మీద నుంచి సముద్రం దిక్కు కొడ్తది, ఆఫ్‌షోర్ అంటరు. కైట్ నీళ్ళల్ల పడి మళ్ళ లేవకపోయినా, తాళ్ళు చిక్కుబడ్డా, గాలి నిన్ను ఒడ్డుకు తేదు, లోపలికే గుంజుకపోతది. ధనుష్కోడి కొస నుంచి తలైమన్నార్ 30 కిలోమీటర్ల లోపే, నడుమ శ్రీలంక బార్డర్. అందుకే స్కూల్‌కు ఫోన్ చేసినప్పుడు ఫీజు ఎంత అని తర్వాత అడుగు, రెస్క్యూ బోటు ఉన్నదా, మేం నీళ్ళల్ల ఉన్నంతసేపు అది ఇంజన్‌తోని సిద్ధంగ ఉంటదా అని ముందు అడుగు. సరిగ్గ జవాబు చెప్పకుంటె ఆ స్కూల్ వద్దే వద్దు.

తాటివనం:
పై అన్న చెప్పింది అంతా కరెక్టే కానీ నేనైతే నీకు జనవరే చెప్త. గాలి స్పీడ్ డబుల్ అయితే దాని బలం డబుల్ కాదు, నాలుగింతలైతది. అంటే 12 నాట్స్‌ల మెల్లగ గుంజే అదే కైట్ 24 నాట్స్‌ల నాలుగింతలు గుంజుతది, కొత్తోళ్ళు తట్టుకోలేరు. ఫస్ట్ టైం నేర్చుకునేటోళ్ళకు 14 నుంచి 18 నాట్స్ చాలు. నీ బరువుకు ఆ గాలిల 12 మీటర్ల (అంటే 12 చదరపు మీటర్ల బట్ట ఉన్న) కైట్ పనిచేస్తది, గాలి తగ్గిన రోజు 14 కావాలె, స్కూల్ల పెద్ద సైజు ఉన్నదా లేదా కనుక్కో. జనవరిల కొన్ని రోజులు గాలి పడిపోతది గూడ, కాబట్టి దర్శనం రోజును కట్టేసి పెట్టుకోకు, గాలి లేని రోజు గుడికి పో, ఉన్న రోజు నీళ్ళల్లకు పో.

గాలి చూపించే యాప్‌ల నంబర్ ఒక్కటే చూడకు, గస్ట్ (ఉన్నట్టుండి ఒక్కసారి జోరుగ కొట్టే గాలి) ఎంతుందో చూడు. మామూలు గాలి 15 ఉండి గస్ట్ 17, 18 ఉంటె మంచిది, 15 ఉండి గస్ట్ 26 ఉంటె ఆ రోజు కూసో. ఒడ్డున నిలబడి నీళ్ళను గూడ చూడు. అక్కడక్కడ తెల్ల నురగ తలలు లేస్తున్నయంటే 12 నాట్స్ దాటినట్టు లెక్క, నల్లటి మచ్చలు నీళ్ళ మీద ఉరుకుకుంట నీ దిక్కు వస్తున్నయంటే అవే గస్ట్‌లు, అది నీ దగ్గరికి రాకముందే కైట్‌ను తల మీదికి తెచ్చి పెట్టుకోవాలె. సరుగుడు చెట్ల వెనక, ఇండ్ల వెనక కైట్ లేపొద్దు, చెట్టు ఎత్తుకు ఏడింతల దూరం దాకా గాలి చెడిపోయి సుడులు తిరుగుతుంటది.

కరీంనగర్_కట్ట:
మానేరు డ్యాం గురించి నేను చెప్త, మాది ఇక్కడనే. వద్దు. సాయంత్రం కట్ట మీద కూసుంటె గాలి మంచిగ అనిపిస్తది నిజమే, కానీ భూమి మీద నుంచి వచ్చే గాలి ఒక్క తీరుగ ఉండది, కొండలు చెట్లు తగిలి ముక్కలు ముక్కలుగ వస్తది. సంక్రాంతికి పతంగి ఎగరేసేటప్పుడు చూస్తం కదా, ఉన్నట్టుండి ఢీలా పడి మళ్ళ ఒక్కసారే చెయ్యి కోసేటట్టు గుంజుతది, గట్లనే ఉంటది. పైగ ఇటు రాళ్ళ కట్ట, బోటు లేదు, నేర్పేటోళ్ళు లేరు.

నువ్వు ఒక చిన్న ట్రైనర్ కైట్ (నేల మీద నిలబడి ప్రాక్టీస్ చేసేది) కొనుక్కో, రెండు మూడు మీటర్లది. కరెంటు తీగలు లేని పెద్ద ఖాళీ గ్రౌండ్‌ల పొద్దుగాల ఎగరెయ్. బార్ (కైట్ తాళ్ళు కట్టి ఉండే, చేతుల పట్టుకునే కడ్డి) మీద చూపు పెట్టకుంట, కైట్‌ను చూడకుంట కూడ గడియారం ముల్లు తీరుగ పది, పన్నెండు, రెండు మీద ఆపగలుగుడు వచ్చిందంటే అక్కడికి పోయినంక మస్తు టైం మిగుల్తది. క్విక్ రిలీజ్ (ఆపదల కైట్ గుంజుడును ఒక్కసారే వదిలేసే పిడి) మాత్రం వాళ్ళు చూపించినంక కండ్లు మూసుకొని కూడ తియ్యగలిగేటట్టు చేతికి అలవాటు చేసుకో.

ఓరుగల్లు_పోరడు:
మస్తు థాంక్స్ అన్నా, అందరికి. జనవరే ఫిక్స్ అయిన, ట్రైనర్ కైట్ గూడ చూస్త. నీళ్ళల్ల ఇంకేమన్న ఉంటయా, జెల్లీ ఫిష్ లాంటివి? నేను కండ్లద్దాలు పెట్టుకుంట.

గాలివాటం:
జెల్లీ ఫిష్ అప్పుడప్పుడు వస్తయ్, ఫుల్ హ్యాండ్స్ రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత అంగీ) ఏస్కో, ఎండకు గూడ పనికొస్తది. కాళ్ళకు నీళ్ళ షూస్ కావాలె, అడుగున సముద్రపు ముండ్లకాయలు, గుల్లలు ఉంటయ్. జాలర్ల వలలు ఎక్కడేసిండ్రో స్కూలోళ్ళను పొద్దున్నే అడుగు, తాళ్ళు వలల పడ్డయంటే వాళ్ళ బతుకుదెరువు పాడుచేసినట్టయితది. గల్ఫ్ ఆఫ్ మన్నార్‌ల ఉన్న 21 చిన్న దీవులు నేషనల్ పార్క్ కింద ఉన్నయ్, వాటి దిక్కు పోవద్దు. అద్దాలకు వెనక తాడు కట్టుకో, ఇంకో జత రూంల పెట్టుకో.